పది మోటార్లు ఒక్కసారి లేచినప్పుడు



బోరుబావి ఉన్న ఇంట్లో పుట్టినవాళ్ళకి ఆటో స్టార్టర్ గురించి నేను చెప్పక్కర్లేదు. తక్కినవాళ్ళ కోసం రెండు ముక్కలు. పొలంలో బోరు పక్కన, ఒక గుంజకో, రేకుల గూటిలోనో ఇనప డబ్బా ఒకటి ఉంటుంది. అది స్టార్టర్. పచ్చ మీట నొక్కితే మోటారు లేస్తుంది, ఎర్ర మీట నొక్కితే ఆగుతుంది. త్రీ ఫేజ్ కరెంటు రోజుకి కొన్ని గంటలే, అదీ ఏ అర్ధరాత్రో తెల్లవారుజామునో వచ్చే కాలంలో, ఆ పచ్చ మీట నొక్కడానికి రైతు చీకట్లో గట్ల మీద నడిచి వెళ్ళేవాడు. పాము కరిచి పోయినవాళ్ళున్నారు. తడి చేత్తో డబ్బా ముట్టుకుని, షాక్ కొట్టి పోయినవాళ్ళున్నారు. అందుకని ఆ డబ్బాకి ఇంకో చిన్న పెట్టె తగిలించారు. మూడు ఫేజులూ వచ్చాయో లేదో అదే చూసుకుంటుంది. రాగానే మోటారు వేస్తుంది. రైతు ఇంట్లో కంటినిండా నిద్రపోవచ్చు. అదే ఆటో స్టార్టర్.

ఒక మనిషి ప్రాణం కాపాడే పెట్టె అది. దాన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కానీ ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద పది మోటార్లున్నాయనుకోండి. పదింటికీ ఆటో స్టార్టర్లే. కరెంటు వచ్చిన క్షణాన పదీ ఒక్కసారి లేస్తాయి. మోటారు తిరిగేటప్పుడు లాగే కరెంటు వేరు, లేచేటప్పుడు లాగే కరెంటు వేరు. లేచేటప్పుడు అయిదారు రెట్లు లాగుతుంది. అంటే ఆ కాసేపూ ట్రాన్స్‌ఫార్మర్ మీద యాభై అరవై మోటార్ల బరువు పడ్డట్టు. ఫ్యూజు ఎగిరిపోతుంది. లైన్‌మన్ వచ్చి ఫ్యూజు వేస్తాడు. వేసీ వేయగానే పదీ మళ్ళీ ఒక్కసారి లేస్తాయి. మళ్ళీ ఎగిరిపోతుంది. ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది. ఇక పది రోజులు ఏ మడికీ నీళ్ళుండవు.

చేత్తో మీట నొక్కే రోజుల్లో ఈ బాధ ఇంతగా ఉండేది కాదు. ఒకరు ముందొస్తే ఇంకొకరు వెనకొచ్చేవారు. ఒకరికి చెప్పు దొరికేది కాదు, ఒకరు టార్చిలైటు వెతుక్కునేవారు. ఆ ఆలస్యమే ట్రాన్స్‌ఫార్మర్‌ని కాపాడుతోందన్న సంగతి అప్పట్లో ఎవరి ఊహకీ రాలేదు.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చారు. దానికి ముందు ప్రభుత్వం ఊరూరా రైతులను ఒకటే కోరింది: ఆటో స్టార్టర్లు తీసేయండి అని. కారణం ట్రాన్స్‌ఫార్మర్లు ఒక్కటే కాదు. ఆ పెట్టెకి కరెంటు వచ్చిందో లేదో తెలుసు, మడి నిండిందో లేదో తెలియదు. కరెంటు రోజంతా ఉంటే మోటారు రోజంతా తిరుగుతుంది, భూమిలో నీళ్ళు అడుగంటుతాయి.

ఇవాళ నేను మాట్లాడదలచుకున్న విషయం కంప్యూటర్ ప్రోగ్రాముల గురించి. నడుస్తూ నడుస్తూనే తమను తాము సర్దుకునే ప్రోగ్రాములు. మీరు ఫోనులో సినిమా చూస్తుంటే, సిగ్నల్ తగ్గగానే బొమ్మ కాస్త మసకబారి, ఆగకుండా నడుస్తుంది చూడండి, అది ఆ సర్దుబాటే. ఒక వెబ్‌సైటుకి లక్షలమంది ఒకేసారి వస్తే, ఎక్కడో కొత్త సర్వర్లు వాటంతటవే లేచి పనిలో చేరతాయి, అదీ సర్దుబాటే. ఎవరూ మీట నొక్కరు. ఈ పని హైదరాబాదులో, బెంగళూరులో, సియాటెల్‌లో మన పిల్లలు వేలమంది చేస్తున్నారు. వాళ్ళు కట్టేవి ఆటో స్టార్టర్లే. కొంచెం పెద్దవి, అంతే తేడా. ఒక ప్రోగ్రాంకి సర్దుకోవడం నేర్పడం ఈ రోజుల్లో పెద్ద కష్టం కాదు. పక్కవాళ్ళు కూడా అదే క్షణాన సర్దుకుంటున్నారన్న ఎరుక దానికి కలిగించడం కష్టం. ఎక్కడ ఆగాలో నేర్పడం ఇంకా కష్టం.

ఇది మొట్టమొదట బాగా తెలిసొచ్చింది 1986లో. అప్పటికి ఇంటర్నెట్ చిన్నపిల్ల. ఎక్కువగా అమెరికాలో విశ్వవిద్యాలయాలు, పరిశోధనశాలలు వాడుకునేవి. కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల, దాని పక్కనే బర్క్‌లీ విశ్వవిద్యాలయం. రెండింటికీ మధ్య దూరం 400 గజాలు. ఇక్కణ్ణించి కేకేస్తే అక్కడ వినపడేంత. ఆ రెండింటి మధ్య కంప్యూటర్ లైను సెకనుకి 32,000 బిట్లు మోసేది. ఆ అక్టోబరులో ఒకరోజు అది సెకనుకి 40 బిట్లకి పడిపోయింది.

40 బిట్లంటే ఎంతో చెబుతాను. ఇప్పటి పద్ధతిలో 'నమస్కారం' అన్న మాటను కంప్యూటర్‌లోంచి పంపాలంటే, ఒత్తులూ గుణింతాలూ సున్నా అన్నీ కలిపి 192 బిట్లు కావాలి. 32,000 బిట్ల లైనులో అది రెప్పపాటు కూడా పట్టదు. 40 బిట్ల లైనులో దాదాపు అయిదు సెకన్లు పడుతుంది. ఒక్క నమస్కారానికి అయిదు సెకన్లు! ఉత్తరం రాసుకుని, నడిచి వెళ్ళి చేతికిచ్చి రావడమే నయం.

తీగ తెగలేదు, యంత్రం చెడలేదు. మరేం జరిగింది? ప్రతి కంప్యూటరూ తన మూటను పంపి, 'అందింది' అన్న జవాబు కోసం చూస్తుంది. కొంతసేపటికి జవాబు రాకపోతే మూట దారిలో పోయిందనుకుని ఇంకోటి పంపుతుంది. ఇది బుద్ధిగల పనే. కానీ రద్దీ పెరిగి జవాబు ఆలస్యమైనప్పుడు ఏమవుతుంది? మొదటి మూట ఇంకా దారిలోనే ఉంది. ఇది రెండోది పంపింది, తర్వాత మూడోది. పక్క కంప్యూటరూ అదే చేసింది, దాని పక్కదీ అదే చేసింది. దారి నిండా ఒకే మూటకి నాలుగేసి నకళ్ళు. రద్దీ వల్ల ఆలస్యం, ఆలస్యం వల్ల ఇంకా రద్దీ. ఫ్యూజు వేసిన ప్రతిసారీ పది మోటార్లూ లేవడం లాంటిదే ఇది. జాన్ నేగల్ అనే ఇంజనీరు ఇలాంటిది జరగగలదని 1984లోనే రాసి పెట్టాడు. దీనికి ఆయన పెట్టిన పేరు కంజెషన్ కొలాప్స్. రద్దీతో దారి కూలిపోవడం అనుకోండి.

ఆ ప్రయోగశాలలోనే పనిచేస్తున్న వాన్ జాకబ్సన్, విశ్వవిద్యాలయం వైపు నుంచి మైకేల్ కరెల్స్ కూర్చుని దీన్ని విప్పారు. 1988లో వాళ్ళు ప్రచురించిన వ్యాసం ఇవాళ్టికీ చదవదగ్గది. వాళ్ళు కొత్త తీగలు వేయలేదు, మధ్యలో పోలీసును పెట్టలేదు. పంపేవాడి నడవడిక మార్చారు. మొదలుపెట్టినప్పుడు కొంచెమే పంపు. అందిందని తెలిసినకొద్దీ పెంచు. దారి నిండుతోంది అనిపించే దగ్గరికి వచ్చాక ఒక్కొక్క మూట చొప్పున మాత్రమే పెంచు. ఒక్క మూట పోయిందా, అది నీకు కబురు. వెంటనే సగానికి తగ్గిపో. మళ్ళీ ఒక్కొక్కటిగా పెంచుకుంటూ రా.

పెంచేటప్పుడు ఒకటి, తగ్గేటప్పుడు సగం. ఎందుకలా అని మీరడగాలి. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం. 1989లో డా-మింగ్ చియు, మన దేశంలో పుట్టిన రాజ్ జైన్ కలిసి దీని లెక్క తేల్చారు. ఇద్దరు ఒకే దారి వాడుకుంటున్నారనుకోండి. ఒకడు ఎక్కువ తీసుకుంటున్నాడు, ఒకడు తక్కువ. ఎనభై ఒకడిది, ఇరవై ఒకడిది. దారి నిండింది, ఇద్దరూ సగం వదిలారు. పెద్దవాడు నలభై వదిలాడు, చిన్నవాడు పది వదిలాడు. ఇప్పుడు ఇద్దరూ ఒక్కొక్కటిగా సమానంగా పెంచుకుంటూ వస్తే, మళ్ళీ దారి నిండేసరికి పెద్దవాడిది అరవై అయిదు, చిన్నవాడిది ముప్పై అయిదు. ఇంకోసారి అయితే ఇంకా దగ్గరవుతారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోలేదు. పంచాయితీ పెద్ద లేడు. అయినా వాటాలు సమానం వైపుకి జరుగుతూ వచ్చాయి. కాలువ చివరి రైతుకి నీళ్ళు అందించడానికి మనం ఎన్ని తంటాలు పడతామో తెలిసినవాళ్ళకి ఈ లెక్క విలువ తెలుస్తుంది. ఆ తర్వాత ఎన్నో మెరుగులు వచ్చాయి గానీ, రద్దీ కనబడితే తగ్గడం అన్న ఆ మర్యాద మీ జేబులోని ఫోను ఇవాళ్టికీ పాటిస్తోంది.

ఇక రెండో సంగతి. టీవీ పక్కన వోల్టేజి స్టెబిలైజరు ఉన్న ఇళ్ళు గుర్తున్నాయా? వోల్టేజి పడిపోతే టక్కుమని ఒక చప్పుడు, లోపల మెట్టు మారింది. బాగానే ఉంది. కానీ వేసవి సాయంత్రం వోల్టేజి సరిగ్గా ఆ గీత మీదే ఊగుతుంటే? టక్, టక్, టకటకటక. మెట్టు పైకీ కిందకీ, పైకీ కిందకీ. మా ఇంట్లో నాన్నగారు లేచి వెళ్ళి టీవీ కట్టేసేవారు. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మంచి స్టెబిలైజరు చేసేవాడు ఒక గీతకి బదులు రెండు గీతలు పెడతాడు. ఉదాహరణకి 195కి దిగితే పైమెట్టు ఎక్కు, కానీ 205 దాటితే తప్ప తిరిగి దిగకు. ఆ పది వోల్టుల మధ్య ఏం జరిగినా కదలకు. ప్రోగ్రాములకీ ఇంతే. రద్దీ పెరిగితే సర్వర్లు పెంచు, తగ్గితే తీసేయ్ అని ఒకే గీత పెడితే, అది రోజంతా పెంచుతూ తీసేస్తూ, అసలు పని మానేసి దాని పనే అది చేసుకుంటూ ఉంటుంది. కదలకుండా ఉండే చోటు కూడా ఆలోచించి కట్టాలి.

2001లో ఐబీఎమ్ కంపెనీ పరిశోధన విభాగం పెద్ద పాల్ హార్న్ ఈ రంగానికి ఒక పెద్ద ఆశ చూపించాడు. మన గుండె కొట్టుకోవడం, చెమట పట్టడం మనం అనుకుంటే జరిగేవి కావు, నాడీమండలం చూసుకుంటుంది. కంప్యూటర్లూ అలాగే తమ సంగతి తాము చూసుకోవాలన్నాడు. ఆ తర్వాత దానికొక చక్రం గీశారు: గమనించు, విశ్లేషించు, ప్రణాళిక వెయ్యి, అమలు చెయ్యి, మధ్యలో వీటన్నిటికీ ఆధారంగా తెలిసిన విషయం. కాలేజీల్లో ఇప్పుడు చెబుతున్నది ఆ చక్రమే. చక్రం మంచిదే. కానీ శరీరం విషయంలో మనం మరిచిపోయేది ఒకటుంది. పెద్ద చలి వేస్తే శరీరం చేతివేళ్ళకి రక్తం తగ్గించి గుండెకీ మెదడుకీ ఉంచుకుంటుంది. ఏది వదులుకోవాలో దానికి ముందే తెలుసు.

ఆ తెలివి ఉన్న ప్రోగ్రాం ఒకటి 1969 జులై 20న చంద్రుడి మీదకి దిగింది. అపోలో 11 లాండరులో ఉన్న కంప్యూటర్‌కి పని చేసుకునే జ్ఞాపకం 2,048 మాటలంత. దిగుతుండగా, ఆ క్షణానికి అక్కర్లేని ఒక రాడార్ నుంచి సంకేతాలు వచ్చి దాని సమయాన్ని తినేయడం మొదలుపెట్టాయి. కంప్యూటర్ పని ముగించలేకపోయింది. 1202 అని అలారం మోగింది. ఆ అలారానికి అర్థం ఇది: నా దగ్గర ఉన్న చోటు కన్నా పని ఎక్కువైంది, చిన్న పనులు వదిలేసి ముఖ్యమైనవి మళ్ళీ మొదలుపెడుతున్నాను. లాండరును నిలబెట్టే పని, ఇంజనును అదుపు చేసే పని ఆగలేదు. పనులకి ముందు వెనకలు నిర్ణయించే ఆ ఏర్పాటుకి రూపం ఇచ్చింది ఎమ్ఐటీలో హాల్ లానింగ్. ఆ ప్రయాణపు సాఫ్ట్‌వేర్ బృందాన్ని నడిపింది మార్గరెట్ హామిల్టన్. చంద్రుడి మీదకి దిగుతూ ఏది ముఖ్యమో ఆలోచించుకునే వ్యవధి ఆ యంత్రానికి లేదు. నేల మీద ఉండగానే వాళ్ళు తీరిగ్గా ఆలోచించి పెట్టారు.

అలారం మోగినప్పుడు భూమి మీద చాలామందికి దాని అర్థం వెంటనే తట్టలేదు. జాక్ గార్మన్ అనే 24 ఏళ్ళ కుర్రాడు ఆ అలారాల పట్టీని ముందే చేత్తో రాసి పెట్టుకున్నాడు. చూసి, ఫరవాలేదు సాగనివ్వండి అన్నాడు. ప్రోగ్రాం తాను ఏం వదిలేసిందో చెప్పింది, ఆ మాట అర్థమయ్యే మనిషి ఒకడు అక్కడ ఉన్నాడు. రెండూ ఉండబట్టే దిగారు.

మన దేశం సంగతికి వస్తాను. 2019 జులై 10, మాంచెస్టర్, ప్రపంచ కప్ సెమీఫైనల్, మనకీ న్యూజిలాండ్‌కీ. మీలో చాలామంది ఆ రోజు చూసే ఉంటారు. హాట్‌స్టార్‌లో ఒకే క్షణాన 2 కోట్ల 53 లక్షల మంది చూశారు. ధోనీ రనౌట్ అయ్యాడు. అప్పుడు మీరేం చేశారు? వెనక్కి మీట నొక్కి బయటికి వచ్చేశారు. కోట్లమంది అదే చేశారు. ఇంజనీర్ల వైపు నుంచి చూడండి: వీడియో సర్వర్ల మీద బరువు ఒక్కసారి పడిపోయింది, కానీ వెనక్కి నొక్కిన ప్రతివాళ్ళూ మొదటి పేజీకి వస్తారు కదా, ఆ పేజీ సర్వర్ల మీద ఉప్పెన పడింది. మామూలు ఆటోమేటిక్ ఏర్పాటు దీన్ని తట్టుకోలేదు. కొత్త సర్వరు లేచి ఒళ్ళు విరుచుకుని పనిలోకి దిగడానికి నిమిషాలు పడుతుంది, ఉప్పెన క్షణాల్లో వస్తుంది. అందుకని తాము ఆ మామూలు పద్ధతిని నమ్ముకోలేదని ఆ ఇంజనీర్లే సభల్లో చెప్పారు. ఇంతమంది వస్తే ఇన్ని సర్వర్లు అని ముందే మెట్లు కట్టుకున్నారు. పైన ఇంకా కొంత మిగులు పెట్టుకున్నారు. మరీ మించిపోతే ఏది కట్టేయాలో కూడా రాసుకున్నారు. మీకు నచ్చే సినిమాలు చూపించే వరస పోయినా ఫరవాలేదు, ఆట ఆగకూడదు. ఇది అపోలో పద్ధతే.

చివరగా ఈ మధ్య జరిగింది ఒకటి చెప్పి ముగిస్తాను. 2025 అక్టోబర్ 20, మనకి దీపావళి. మధ్యాహ్నం 12 గంటల 18 నిమిషాలకి, అమెరికాలో ఉత్తర వర్జీనియాలో ఉన్న అమెజాన్ కంప్యూటర్ కేంద్రాలలో ఒక చిరునామా మాయమైంది. అక్కడి డైనమోడీబీ అనే పెద్ద గిడ్డంగికి దారి చూపే చిరునామా అది. ఆ చిరునామాలను ఎప్పటికప్పుడు సర్దేది ఒక ఆటోమేటిక్ ప్రోగ్రాం. ఒకటి ఆగిపోయినా పని ఆగకూడదని దానికి ఒకటికి మించి ప్రతులు నడుస్తుంటాయి. ఒక ప్రతి ఎందుకో బాగా వెనకబడింది, పాత పట్టీ పట్టుకుని నెమ్మదిగా రాస్తోంది. ఇంకో ప్రతి కొత్త పట్టీతో చకచకా పని ముగించి, పాత పట్టీలను తుడిచేయడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే వెనకబడ్డది వచ్చి కొత్తదాని మీద పాతది రాసేసింది. తుడిచేది ఆ పాతదాన్ని తుడిచేసింది. చిరునామా ఉండాల్సిన చోట ఖాళీ మిగిలింది. తప్పు చేసిన ప్రోగ్రాంకి దాన్ని దిద్దుకునే దారి కూడా అందులోనే మూసుకుపోయింది. మనుషులు వచ్చి చేత్తో సరిచేశారు.

గిడ్డంగి తిరిగి తెరుచుకోగానే ఏమైందో మీరే ఊహించగలరు. అక్కడి వేలాది యంత్రాల బాగోగులు చూసే ఇంకో ప్రోగ్రాం వాటన్నిటినీ ఒక్కసారి పలకరించబోయింది. ఒక పని పూర్తయ్యేలోపే గడువు దాటిపోతోంది, దాటింది మళ్ళీ వరసలోకి వస్తోంది. ఆ కంపెనీ తరవాత ఇచ్చిన వివరణలో దీన్ని దాదాపు నేగల్ మాటతోనే, కంజెస్టివ్ కొలాప్స్ అని చెప్పారు. 1984 నాటి మాట, 41 ఏళ్ళ తర్వాత. ఇంజనీర్లు లోపలికి వచ్చే పనిని చేత్తో తగ్గించి, ఆ ప్రోగ్రాంను కొన్ని కొన్ని యంత్రాల మీద మళ్ళీ మొదలుపెట్టి దారి తెరిచారు. ఇంకోచోట, ఏ యంత్రం ఆరోగ్యంగా ఉందో చూసే పరీక్ష ఒకసారి ఉందంటూ, ఒకసారి లేదంటూ, మంచి యంత్రాలను తీసేస్తూ చేర్చేస్తూ ఊగింది. మా ఇంటి స్టెబిలైజరే. దాన్నీ మనుషులే కట్టేశారు. అంతా కుదుటపడేసరికి మనకి అర్ధరాత్రి దాటిపోయింది.

చిరునామాలు సర్దే ఆ ఆటోమేటిక్ ప్రోగ్రాంను, తప్పు దిద్దేదాకా, అమెజాన్ ప్రపంచమంతటా ఆపేసింది.

అంత పెద్ద కంపెనీకే ఆ అవసరం పడింది. ఈ ప్రసంగం వింటున్నవాళ్ళలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు తప్పక ఉంటారు. అమ్మాయిలూ, అబ్బాయిలూ, మీకు నాదొక మనవి. రేపు ఆఫీసుకి వెళ్ళగానే మీరు రాసిన ఆటోమేటిక్ ప్రోగ్రాం తెరిచి, దాన్ని ఆపే ఎర్ర మీట ఎక్కడుందో చూసుకోండి. లేకపోతే ముందు అది పెట్టండి. రాత్రి డ్యూటీకి వచ్చే కొత్త పిల్లనో పిల్లాడినో పక్కన కూర్చోబెట్టుకుని, ఆ మీటను ఒకసారి వాళ్ళ చేతనే నొక్కించండి.